తూము దాటిన నీళ్ళు

"మీ యింట్లో పండగొచ్చినా పబ్బమొచ్చినా మాకు ముందే తెలిసిపోద్దండి అమ్మగారూ!" అంది మా వూళ్ళో అంట్లు తోమే మనిషి, సంక్రాంతి వెళ్ళిన మర్నాడు గిన్నెలు బోర్లిస్తూ.

"ఎలా తెలుస్తుంది? అరిసెల వాసనొస్తుందా?" అన్నాను నేను కాస్త మురిసిపోతూ.

"వాసనంటే వాసనేనండి గానీ, అరిసెలది కాదండి. మీ కాలవ మా గుమ్మంలోకి పొంగుద్ది."

కోపంగా అనలేదు. ఇవాళ ఎండగా వుంది అన్నంత మామూలుగా అంది. నేనే కాఫీ గ్లాసు పట్టుకుని అక్కడ నిలబడలేక లోపలికి వచ్చేశాను.

ఆ కాలవ సంగతి మీకు చెప్పాలి. నాన్నగారి తరవాత ఆ యిల్లు నా చేతికొచ్చాక నేను చేసిన మొదటి ఘనకార్యం పెరడంతా సిమెంటు చేయించడం. బురద లేదు, పాములు రావు, ఎంత శుభ్రంగా వుందో అని చుట్టాలందరూ మెచ్చుకున్నారు. స్నానాల నీళ్ళు, బట్టలుతికిన నీళ్ళు, అంట్ల నీళ్ళు అన్నీ ఒకే తూములోంచి వీధి కాలవలోకి వెళ్ళిపోయేట్టు ఏర్పాటు చేశాను. తూము దాటితే ఆ నీళ్ళతో మనకి పని లేదు కదా! అవి ఎక్కడికి వెళతాయో పదిహేనేళ్ళపాటు నాకు తట్టనే లేదు. పల్లం ఎక్కడుంటే అక్కడికి వెళతాయి. పల్లంలో ఎవరుంటారో మన వూళ్ళ సంగతి తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అంతకు ముందు ఆ పెరడు మా నాయనమ్మది. ఆవిడ కాలంలో తూములోంచి నీళ్ళు వీధిలోకి పోవడం నేనెప్పుడూ చూడలేదు. అంట్ల దగ్గర్నించీ, స్నానాల గది దగ్గర్నించీ రెండు పిల్ల కాలవలు దొడ్లోకి సాగి అరటి పాదుల్లోకీ, చేమ మడిలోకీ, గోడవార ఎర్రగా పూసే మెట్టతామర దుబ్బుల్లోకీ వెళ్ళేవి. నాయనమ్మ చిన్న బొరిగె పుచ్చుకుని రెండు మూడు రోజులకోసారి ఒక మట్టిపెళ్ళ తీసి ఇటు వేసేది, అటుది తీసి ఇటు పెట్టేది. నీళ్ళు ఒక పాదు వదిలి ఇంకో పాదులోకి మళ్ళేవి.

"ఎందుకు నాయనమ్మా? దానికే పోనియ్యచ్చుగా" అని అడిగితే, "దాన్నీ కాస్త వూపిరి తీసుకోనియ్యవే! ఎంతసేపూ తాగిస్తే వేరు కుళ్ళిపోదూ?" అనేది.

ఈ మాటకి అర్థం నాకు నలభై దాటాక తెలిసింది. అదీ నాయనమ్మ వల్ల కాదు. ఒక జర్మన్ ఆవిడ వల్ల.

నేను చదివింది బి.ఏ. సైన్సంటే నాకు బడిలోనే భయం. ఒక నవలలో శాస్త్రజ్ఞురాలి పాత్ర పెట్టుకుని, తప్పులు దొర్లుతాయేమోనని అలాంటి స్త్రీల గురించి పుస్తకాలు తిరగేస్తుంటే ఈవిడ ఎదురయింది. పేరు కేతె సైడెల్. 1907లో పుట్టింది, 1990లో పోయింది. రేడియం కనిపెట్టిన మేరీ క్యూరీ పేరు మనందరికీ తెలుసు. ఈవిడ పేరు నాకైతే అంతవరకూ తెలీదు. ఆవిడ పట్టుకున్నది రేడియం కాదు మరి, తుంగ.

ఆవిడ దగ్గరికి వెళ్ళేముందు కాస్త వెనక్కి వెళ్ళాలి. భయపడకండి, మొహెంజొదారో దగ్గర మొదలుపెట్టను. లండన్ దాకా వెళితే చాలు.

1858 వేసవిలో లండన్‌లో థేమ్స్ నది కంపు కొట్టింది. ఊరి మురుగంతా అందులోకే పోయేది. ఎండలు ముదిరాయి. నది ఒడ్డునే వున్న పార్లమెంటులో సభ్యులు కూర్చోలేక కిటికీ తెరల్ని సున్నపు మందులో తడిపి వేలాడదీసుకున్నారు. అంతకు ముందు కలరా వచ్చి వేలమంది పోయినప్పుడు కదలని డబ్బు, ముక్కులదాకా వచ్చేసరికి కదిలింది. జోసెఫ్ బాజల్జెట్ అనే ఇంజనీరు వూరి కింద మహా సొరంగాల్లాంటి కాలవలు కట్టి ఆ మురుగునంతా తీసుకెళ్ళి వూరికి దిగువన, అదే నదిలో వదిలాడు. గొప్ప పనే, కాదనను. లండన్‌లో కలరా తగ్గింది. కానీ నాకు నా సిమెంటు పెరడే గుర్తొచ్చింది. ఆయన చేసిందీ తూము దాటించడమే.

మురుగుని దాటించడం కాదు, శుద్ధి చెయ్యాలి అన్న ఆలోచన మెల్లిగా వచ్చింది. 1914లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే యిద్దరు ఒక పద్ధతి చెప్పారు. మురుగులోకి గాలి పోస్తూ వుంటే అందులో సూక్ష్మజీవులు పెరిగి మలినాన్ని తినేస్తాయి. అడుగున మడ్డి తేరుతుంది. ఆ మడ్డిని పారబొయ్యకుండా కొంత అట్టే పెట్టి కొత్త మురుగులో కలిపితే పని ఇంకా త్వరగా అవుతుంది. ఇది మనకి కొత్తా? రోజూ రాత్రి పాలల్లో మనం చేసే పనే. నిన్నటి పెరుగు చెంచాడు తీసి ఇవాళ్టి పాలకి తోడు పెట్టడమే! ఇప్పటికీ ప్రపంచంలోని పెద్ద పట్నాల మురుగు చాలావరకు ఈ తోడు పద్ధతి మీదే నడుస్తోంది.

అయితే ఈ తోడుకి రాత్రింబవళ్ళు గాలి కొట్టాలి. దానికి మోటార్లు కావాలి, కరెంటు కావాలి, చూసుకునే మనిషి కావాలి. ఇవన్నీ పట్నాలకి చెల్లుతాయి. మూడొందల గడప వున్న పల్లెటూరికి? కరెంటు పోతే తోడు చచ్చిపోతుంది. మనిషి రాకపోతే మోటారు తుప్పు పడుతుంది. పల్లెలకి మిగిలింది సెప్టిక్ టాంకు. ఫ్రాన్సులో మూరా అనే ఆయన 1881లో దానికి పేటెంటు తీసుకున్నాడు. మంచిదే గానీ అది సగం పనే చేస్తుంది. గట్టిది అడుగున ఆగుతుంది, పైన తేరిన నీరు మురుగు మురుగుగానే బయటికొస్తుంది. ఆ నీళ్ళని ఏం చెయ్యాలన్నది పల్లెల్లో ఎవరికీ పట్టని ప్రశ్నయి కూచుంది.

ఆ ప్రశ్నకి జవాబు వెతికిన ఆవిడే కేతె సైడెల్.

జర్మనీకి ఉత్తరాన ప్లోన్ అని చెరువుల మధ్య వున్న వూరు. అక్కడి మాక్స్ ప్లాంక్ సంస్థవారి నీటి జీవశాస్త్ర కేంద్రంలో ఆవిడ పనిచేసేది. ఆవిడ ఎంచుకున్న మొక్క చెరువు గట్లమ్మట ఆకులు లేకుండా పచ్చని గొట్టాల్లా నిలువెత్తున పెరిగే ఒక తుంగ జాతి. జర్మన్ భాషలో దాని పేరుకి అర్థం 'అల్లిక తుంగ' అని. మన తుంగచాపల్లాగే వాళ్ళూ దానితో చాపలు, బుట్టలు, కుర్చీల అడుగులూ అల్లుకునేవారు. 1955లో ఆ ఒక్క మొక్క మీదే ఆవిడ ఒక గ్రంథం వేసింది. అందులో ఆ మొక్క ఎలా పెరుగుతుందన్నదే కాక, జనం బతుకులో దాని స్థానమేమిటన్నది కూడా రాసింది. బుట్టలల్లే వాళ్ళకి ఒక వృక్షశాస్త్రజ్ఞురాలు ఇచ్చిన గౌరవం అది.

1950ల మొదట్లో ఆవిడ ఆ తుంగని మురికినీళ్ళల్లో పెంచి చూడడం మొదలెట్టింది. ఫినాల్ అని ఫాక్టరీ నీళ్ళలో వుండే విషపదార్థం ఒకటుంది. దాని మధ్యన కూడా తుంగ బతికింది. బతకడమే కాదు, నీళ్ళలో ఫినాల్ తగ్గింది. టైఫాయిడ్ కుటుంబానికి చెందిన సాల్మొనెల్లా వంటి క్రిములున్న నీళ్ళు తుంగ దుబ్బుల్లోంచి పారాక, ఆ క్రిములు కనబడకుండా పోతున్నాయని గమనించింది. సరైన మొక్కలు నాటితే పాడైన నీళ్ళలో మళ్ళీ జీవం నిలుస్తుందని ఆవిడ రాసింది.

ఇంజనీర్లకి ఇది మింగుడు పడలేదు. ఎందుకో తెలుసా? అప్పటికి యాభయ్యేళ్ళకు పైగా వాళ్ళు మురుగు శుద్ధి చేసే చోట ఒక్క పచ్చని మొక్క కనబడితే పీకి పారేస్తూ వచ్చారు. మొక్క మొలిచిందంటే అక్కడ పని సరిగ్గా జరగట్లేదని వాళ్ళ లెక్క. మొక్కలు పీకడమే శుభ్రం అనుకునే వాళ్ళ దగ్గరికి వెళ్ళి, మొక్కలు నాటండి, శుభ్రమవుతుంది అంటే ఎలా వుంటుంది? నేను నా పెరటికి సిమెంటు పోయించిన రోజున నాయనమ్మ వచ్చి, "మెట్టతామర నాటవే" అని వుంటే నేనేమనేదాన్నో నాకు తెలుసు.

అయినా ఆవిడ మానలేదు. 1960ల్లో సరిగ్గా పల్లెల మురుగు మీదే దృష్టి పెట్టింది. సెప్టిక్ టాంకులోంచి వచ్చే ఆ సగం శుద్ధయిన నీళ్ళని ఎలా బాగుచెయ్యాలన్నది ఆవిడ పట్టుదల. నీరు భూమిలోకి ఇంకకుండా అడుగు కట్టుదిట్టం చేసిన మళ్ళు కట్టించింది. వాటిలో ఇసక పోసి మొక్కలు పెట్టింది. మొదటి మడిలో కిక్కిస రెల్లు. అక్కడ నీళ్ళు పైనుంచి కిందకి, మనం డికాక్షన్ వడకట్టినట్టు దిగుతాయి. రెండో మడిలో నీళ్ళు ఈ చివర్నించి ఆ చివరికి అడ్డంగా, వేళ్ళ మధ్యనుంచి నెమ్మదిగా నడుస్తాయి. రెండు మళ్ళు దాటేసరికి నీళ్ళు తేరుకుంటాయి.

సొంత దేశంలో పెద్ద ఎత్తున ఎవరూ ముందుకు రాలేదు. మొదట చేసి చూసింది పక్కనున్న హాలెండు వాళ్ళు. 1967లో ఎల్బుర్గ్ అనే చోట, సెలవులకి వచ్చినవాళ్ళు గుడారాలు వేసుకునే మైదానం పక్కన ఒక హెక్టారు మడి కట్టారు. దాన్ని చుక్క ఆకారంలో కట్టారు. చూడ్డానికి ముగ్గేసినట్టు ముచ్చటగా వుంది గానీ, గడ్డి కొయ్యడానికి వెళ్ళినవాళ్ళు ఆ మూలల్లో ఇరుక్కున్నారు. తరవాత కట్టినవన్నీ తిన్నటి కాలవలే. ముగ్గు వేసేవాళ్ళు వేరు, వాకిలి వూడ్చేవాళ్ళు వేరు అయితే ఇంతే కదా!

జర్మనీలో పెద్ద ఎత్తున మొదలైంది 1974లో. ఓట్‌ఫ్రెజెన్ అనే చిన్న వూళ్ళో. కానీ అది కట్టింది సైడెల్ కాదు, కొంతకాలం ఆవిడతో కలిసి పనిచేసి తరవాత విడిపోయిన రైన్‌హోల్డ్ కికూథ్ అనే ప్రొఫెసరు. ఆయన ఇసక బదులు బంకమట్టి వాడాడు. రెల్లు వేళ్ళు లోతుగా దిగి, కొన్నేళ్ళలో ఆ మట్టిని గుల్ల చేస్తాయి, అప్పుడు నీళ్ళు సులువుగా పారతాయి అని ఆయన చెప్పాడు. వినడానికి ఎంత బాగుంది! డెన్మార్కు పల్లెలు 1983 నుంచి ఆ మాట నమ్మి వరసగా మళ్ళు కట్టించుకున్నాయి. బంకమట్టి మాత్రం బంకమట్టిలాగే వుండిపోయింది. నీళ్ళు వేళ్ళలోకి దిగకుండా పైపైనే జారిపోయాయి.

ఇక్కడితో ఈ కథ ముగిసిపోయేదే. అదృష్టవశాత్తూ 1985లో బ్రిటన్ నుంచి నిపుణులు జర్మనీ వెళ్ళి చూసివచ్చి, మట్టి తీసేసి గులకరాళ్ళు పోశారు. రాళ్ళ మధ్య సందులుంటాయి, నీళ్ళు పారతాయి. పని నడిచింది. అప్పుడే ఇంకో సంగతి కూడా తేటతెల్లమయింది. మలినాన్ని మొక్క తినడం కొద్దిగానే. అసలు పని రాళ్ళనీ వేళ్ళనీ పట్టుకుని బతికే సూక్ష్మజీవులది. మొక్క వాటికి ఇల్లూ వాకిలీ అమర్చి పెడుతుంది. వేళ్ళతో చోటిస్తుంది, బోలు కాడల్లోంచి కాస్త ప్రాణవాయువు కిందకి చేరవేస్తుంది, దారులు మూసుకుపోకుండా చూస్తుంది. ఇంట్లో ఆడవాళ్ళు చేసే పనిలాంటిదేనన్నమాట. లెక్కల్లో కనపడదు, మానేస్తే మాత్రం ఇల్లు నడవదు.

1990లో కేంబ్రిడ్జిలో ఈ మళ్ళ గురించి పెద్ద అంతర్జాతీయ సభ జరిగింది. ఎక్కడెక్కడి ఇంజనీర్లూ వచ్చి మొక్కల గురించి మాట్లాడుకున్నారు. కేతె సైడెల్ కన్నుమూసింది కూడా ఆ ఏడాదే.

నాకు మాత్రం ఆ సభకన్నా ఫ్రాన్సు పల్లెల్లో జరిగింది ఎక్కువ నచ్చింది. సెయింట్ బొహేర్ అని అక్కడొక చిన్న వూరు, జనాభా వందల్లోనే. 1982లో అక్కడ సైడెల్ పద్ధతిలో మళ్ళు కట్టారు. అక్కడి ప్రభుత్వ పరిశోధకులు దాన్ని ఏళ్ళ తరబడి గమనించి, తప్పొప్పులు దిద్ది, పల్లెలకి సరిపడే పద్ధతి ఒకటి తేల్చారు. ఇవాళ ఆ దేశంలో ఇలాంటి రెల్లు మళ్ళు వేల సంఖ్యలో వున్నాయి. అందులో ఎక్కువ భాగం చిన్న చిన్న పల్లెలవే.

అది ఎలా నడుస్తుందో చెబుతాను, వినండి. మొదటి వరసలో గులకరాళ్ళు పోసి రెల్లు నాటిన మళ్ళు మూడుంటాయి. ఊరి మురుగు సెప్టిక్ టాంకు కూడా లేకుండా తిన్నగా వచ్చి ఒక మడి మీద పడుతుంది. గట్టిది పైన ఆగుతుంది, నీళ్ళు కిందకి దిగుతాయి. మూడున్నర రోజులు ఆ మడికి నీళ్ళు. తరవాత వాల్వు తిప్పి పక్క మడికి మళ్ళిస్తారు. మొదటిదానికి ఏడు రోజులు విశ్రాంతి. ఆ ఏడు రోజుల్లో పైనున్న మడ్డి ఆరుతుంది, లోపలికి గాలి ఆడుతుంది, సూక్ష్మజీవులు పాతది అరిగించుకుంటాయి. గాలికి రెల్లు కాడలు అటూ ఇటూ వూగుతుంటే మొదళ్ళ చుట్టూ మడ్డిలో సందులు పడి, నీటికి దారి తెరుచుకునే వుంటుంది. నీళ్ళు నిలవవు గనక దోమలు రావు. గాలి ఆడుతుంది గనక కంపు వుండదు. పల్లం వాలుగా వుంటే మోటారూ అక్కర్లేదు. పదీ పదిహేనేళ్ళకోసారి పైన పేరుకున్న మడ్డి తీస్తే అది నల్లని ఎరువు.

అంటే ఆ వూరి మురుగు శుద్ధికి కావలసిన పెద్ద ఉద్యోగం ఏమిటయ్యా అంటే, ఒక మనిషి వారానికి రెండుసార్లు వెళ్ళి వాల్వు తిప్పడం, ఏడాదికోసారి రెల్లు కొయ్యడం.

ఇది చదివి పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. మూడున్నర రోజులు తాగించు, ఏడు రోజులు వూపిరి తీసుకోనియ్యి. "ఎంతసేపూ తాగిస్తే వేరు కుళ్ళిపోదూ?" నాయనమ్మ బొరిగె, ఆ మట్టిపెళ్ళ కళ్ళకి కట్టాయి.

అలాగని, అన్నీ మన అమ్మమ్మలకి ముందే తెలుసులే అని చెప్పబోవడం లేదు. నాయనమ్మ నీళ్ళల్లో కుంకుడు రసం, పొయ్యి బూడిద, బియ్యం కడుగు తప్ప ఇంకేమీ వుండేవి కావు. మరుగుదొడ్డి నీళ్ళు ఆ పాదులకి వెళ్ళేవి కావు. మన బట్టల సబ్బు పొడులు ఆవిడ ఎరగదు. మనుషులూ తక్కువ, నీళ్ళూ తక్కువ. బావిలోంచి చేది తెచ్చుకున్న నీళ్ళు గనక పారబోసేటప్పుడు చెయ్యి ఆలోచించేది. ఇప్పుడు కుళాయి తిప్పితే నీళ్ళు. 2019లో మొదలైన జల జీవన్ పథకం పల్లెల్లో మనిషికి రోజుకి 55 లీటర్లు లెక్క కట్టింది. నడుములు విరిగేలా బిందెలు మోసిన ఆడవాళ్ళకి అది వరమే. కానీ వచ్చిన నీళ్ళలో ముప్పాతిక పాలు వాడుకున్నాక తూములోంచే బయటికి పోతాయి కదా! రెండు వందల గడప, వెయ్యిమంది జనం వున్న వూరికి 55,000 లీటర్లు వస్తే, రోజుకి 40,000 లీటర్లకు పైగా వీధి కాలవలోకి వెళతాయి. నీళ్ళు తెచ్చే పైపుకి అందరం దణ్ణం పెట్టాం. తీసుకెళ్ళే దారి సంగతి పల్లానికి వదిలేశాం.

ఫ్రాన్సు లెక్క ప్రకారం మనిషికి రెండు చదరపు మీటర్ల మడి చాలు. వెయ్యిమందికి రెండువేల చదరపు మీటర్లు, అంటే సుమారు అరెకరం. అలా శుద్ధయిన నీళ్ళు తాగడానికి పనికిరావు, పిల్లలు ఆడుకోవడానికీ పనికిరావు. పంటకి పనికొస్తాయి. అది కూడా దూరదేశపు ముచ్చట కాదు. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో 1972 నుంచి వున్న ఇక్రిశాట్ పరిశోధన కేంద్రం వాళ్ళు రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో వూరి మురుగు కాలవ చివర ఇలాంటి మడి కట్టి చూశారు. ఆ నీళ్ళు పొలానికి వాడుకోవచ్చని చూపించారు. వాళ్ళు నాటిన మొక్కల్లో ఒకటేమిటో తెలుసా? మెట్టతామర! మా గోడవార ఎర్రగా పూసి, నేను సిమెంటు కింద పూడ్చిపెట్టిన మెట్టతామర.

ఆ ఏడు వేసవి సెలవులకి వూరు వెళ్ళి ఒక పని చేశాను. తూము దగ్గర రెండు గజాల వెడల్పున సిమెంటు పగలగొట్టించాను. మేస్త్రీ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. పోసిన సిమెంటుని పగలగొట్టమనే అమ్మగారిని ఆయన అదే మొదటిసారి చూడడంట. గుంట తవ్వించి, మధ్యలో గోడ కట్టించి, రెండు మళ్ళలోనూ కంకరా ఇసకా పోయించి, పక్కింటివాళ్ళని అడిగి మెట్టతామర దుంపలు తెచ్చి నాటాను. నీళ్ళు ఒకసారి ఇటు, ఒకసారి అటు మళ్ళడానికి ఒక ఇటిక పెట్టాను. మా యింటి స్నానాల నీళ్ళూ అంట్ల నీళ్ళూ మా యింట్లోనే ఇంకుతున్నాయి.

గొప్పగానే అనిపించింది, తిరుగు ప్రయాణానికి సామాను సర్దుకునేదాకా. అప్పుడు గుర్తొచ్చింది. ఇల్లు చూసుకునే దంపతులు వాడే నీళ్ళు రోజూ వుంటాయి. నేను వెళ్ళిపోతే ఇటిక ఎవరు తిప్పుతారు? ఇంకెవరు, అంట్లు తోమే ఆ మనిషే. దానికి జీతం వేసి ఇచ్చాననుకోండి. అయినా మనసులో ముల్లు కదిలింది. మురుగు ఆమె గుమ్మంలోకి వెళ్ళినన్నాళ్ళూ ఆమెదే పని. నా పెరట్లో ఆగినా ఆమెదే పని.

మొన్న ఫోను చేసి, "ఇటిక తిప్పావా? మీ గుమ్మం ముందు ఇప్పుడు బాగుందా?" అని అడిగాను.

"తిప్పానండి. మీ నీళ్ళు రావట్లేదండి. పైవీధిలో ఇంకా నలభై తూములున్నాయి కదండీ, ఆ నీళ్ళొస్తున్నాయి" అంది.

మా వూరి కుంట పక్కన అరెకరం పైగా పంచాయతీ స్థలం వుంది. అందులో కల్యాణ మండపం కట్టాలని పెద్దలు అనుకుంటున్నారు. రాబోయే గ్రామసభలో రెల్లు మడి సంగతి అడుగుదామని నా వుద్దేశం. ఆ మాటే ఆమెతో చెప్పి, "నాతో నువ్వు కూడా సభకి రావాలి" అన్నాను.

"మేం చెబితే వింటారాండీ?"

నాకు కేతె సైడెల్ గుర్తొచ్చింది. ఆవిడ కొలిచి, తూచి, రాసి చూపించినా వినడానికి ఎన్నేళ్ళు పట్టిందో చెబుదామనుకున్నాను. మళ్ళీ ఏం ధైర్యం చెప్పినట్టవుతుందిలే అని వూరుకున్నాను.

ఆమే కాసేపాగి అంది: "ఒక పని చెయ్యండమ్మగారూ. ఆ సభేదో స్కూలు దగ్గర కాకుండా మా గుమ్మం ముందు పెట్టించండి. కుర్చీలు నేనేయిస్తాను. అక్కడ కూచుంటే మనం చెప్పక్కర్లేదు, ఆళ్ళకే తెలుసుద్ది."

పార్లమెంటు కిటికీ తెరల కథ నేను ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు.